కాలువ మట్టం, కరెంటు మట్టం

గుడివాడ చుట్టుపక్కల ఏ లాకుల దగ్గర ఆగినా గోడకి ఒక గేజి కనిపిస్తుంది. తెల్లటి పలక మీద నల్లగీతలు, అడుగుల అంకెలు. కింది అంకెలు నాచు పట్టి సరిగ్గా ఆనవు. సార్వా ఊడ్పుల రోజుల్లో కాలువ కాసే లస్కరు పొద్దున్నే వచ్చి ముందుగా చూసేది దాన్నే. కాలువలో ఎన్ని నీళ్లు పారుతున్నాయని కాదు, ఏ మట్టంలో నిలబడి ఉన్నాయని చూస్తాడు. ఎగువవాళ్లకి రెండూ ఒకటే అనిపించవచ్చు. శివారు రైతుకి మాత్రం ఆ తేడాలోనే పంట ఉంది. కాలువ నిండుగానే కనిపిస్తున్నా, మట్టం తూము గడప కంటే జానెడు దిగితే పిల్లకాలువలోకి చుక్క ఎక్కదు. నీళ్లు ఉంటాయి, అందవు. మా వైపు నీటి తగాదాల్లో చాలావాటికి మూలం ఇదే.

కరెంటుకీ అలాంటి గేజి ఒకటుంది. పాఠ్యపుస్తకంలో దాని పేరు పౌనఃపున్యం, సబ్‌స్టేషన్‌లో ఫ్రీక్వెన్సీ. మన దేశంలో అది 50 హెర్ట్జ్ దగ్గర నిలవాలి. ఇబ్రహీంపట్నంలో తిరిగే టర్బైను, శ్రీశైలంలో తిరిగే టర్బైను, దేశంలో గ్రిడ్‌కి తగిలించిన ప్రతి పెద్ద యంత్రం తన వేగం ఏదైనా ఆ ఒక్క లయకే కట్టుబడి తిరుగుతుంది. వాడకం ఉత్పత్తిని మించిన క్షణంలో లయ నెమ్మదిస్తుంది. వాడకం పడిపోతే వేగం పుంజుకుంటుంది. నెలాఖరున బిల్లులో కనిపించే యూనిట్లు పరిమాణం. ఫ్రీక్వెన్సీ మట్టం.

ఇక్కడ నేను పక్కపక్కన పెట్టి చూడదలచినవి రెండు షెడ్యూళ్లు. మొదటిది మనం ఇన్నాళ్లుగా నడుపుతున్నది. గాలిమరలు ఎంత ఇస్తే అంత తీసుకుని, మట్టం కాసే పనిని బొగ్గు కేంద్రాలకీ జలవిద్యుత్ కేంద్రాలకీ వదిలేస్తుంది. రెండోది ఇంజనీర్ల పరిశోధనల్లో పెరిగి, కొన్ని దేశాల గ్రిడ్లలో కాలు మోపింది. గాలిమరకి కూడా మట్టం కాసే వంతు వేసి, ఆ వంతుని ముందురోజు షెడ్యూల్లోనే రాసిపెడుతుంది. రెండింటినీ తూచడానికి నా దగ్గరున్న రాయి కాలువే. డెల్టాలో పుట్టినవాడికి ఇంతకంటే నమ్మకమైన రాయి దొరకదు.

బందరు తీరంలో, దివిసీమలో గాలిమరల బారులు లేవు, ఈ గొడవ మనకెందుకని అడిగేవాళ్లుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న దాదాపు 4,000 మెగావాట్ల గాలి విద్యుత్తులో ప్రధాన భాగం అనంతపురం, కర్నూలు, కడప గుట్టల మీదే ఉంది. అయినా గ్రిడ్‌కి జిల్లా సరిహద్దులు లేవు. ఉరవకొండ దగ్గర గాలి ఆగితే ఆ లోటు కృత్తివెన్ను రొయ్యల చెరువు దాకా అదే క్షణంలో తెలుస్తుంది. పైగా ఈ రెండు లెక్కల్నీ, అంటే నీటి లెక్కనీ కరెంటు లెక్కనీ, జీవితమంతా మోసిన ఇద్దరు పెద్దలు ఈ నేలవాళ్లే. కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖలు చూసిన కె.ఎల్. రావుగారు 1902లో కంకిపాడులో పుట్టారు. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డుని నడిపిన నార్ల తాతారావుగారిది గుడివాడ పక్కన కౌతవరం. ఒకరి పేరు పులిచింతల జలాశయానికి ఉంది, ఇంకొకరి పేరు ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి. ఆ థర్మల్ కేంద్రం చల్లబడేది ప్రకాశం బ్యారేజీ ఎగువన నిలిచిన కృష్ణ నీటితోనే. బ్యారేజీ దగ్గర 12 అడుగుల మట్టం ఉందా లేదా అని పేపర్లో వెతికే రైతుకీ, థర్మల్ కేంద్రం ఇంజనీరుకీ చూడాల్సిన గేజి ఒకటే.

మొదటి షెడ్యూలుకి దక్కాల్సిన గౌరవం ముందు దక్కాలి. 1990లలో దక్షిణాది గ్రిడ్ ఎలా ఉండేదో గుర్తున్నవాళ్లు దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేరు. ఫ్రీక్వెన్సీ 48 హెర్ట్జ్ దగ్గరికి జారి గంటల తరబడి అక్కడే పడి ఉండేది. ఎవరి వంతుకి మించి వాళ్లు లాగుతూ ఉంటే అడిగే నాథుడు లేడు. ఎగువ రైతు తూముకి అడ్డంగా ఉన్న పలక తీసేసి పడుకుంటే శివారుకి ఏం మిగులుతుందో, గ్రిడ్‌కీ అదే మిగిలింది. 2003 జనవరిలో దక్షిణాదికి వచ్చిన కొత్త టారిఫ్ పద్ధతి ఆ రోగానికి సరైన మందు వేసింది. రోజుని 15 నిమిషాల చొప్పున 96 బ్లాకులు చేశారు. ఏ బ్లాకులో ఎవరు ఎంత ఇస్తారో, ఎవరు ఎంత తీసుకుంటారో ముందే రాయించారు. రాసినదానికి మించి లాగినవాడు ఆ క్షణంలో ఫ్రీక్వెన్సీ ఎంత తక్కువుంటే అంత ఎక్కువ ధర కట్టాలన్నారు. మట్టం పడినకొద్దీ నీటి తీరువా పెరిగినట్టన్నమాట. ఇంత సూటిగా మట్టానికి ధర కట్టిన ఏర్పాటు మన కాలువల మీద ఎన్నడూ లేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైను మీదుగా దక్షిణాది మిగతా దేశంతో ఒకే లయలోకి వచ్చింది. మరుసటి ఏడాది నుంచి 49.90కీ 50.05కీ మధ్య ఉండడమే నియమమైంది. ఇరవై ఏళ్లలో అంత దూరం రావడం మామూలు సంగతి కాదు.

అయితే ఆ షెడ్యూలు పుట్టినప్పుడు గాలిమరలు లెక్కలోకి వచ్చేంత లేవు. వచ్చాక వాటికి చోటు చూపించిన తీరులోనే లోపముంది. గాలి, సౌర విద్యుత్తుకి ‘మస్ట్ రన్’ హోదా ఇచ్చారు. గ్రిడ్ భద్రతకి ముప్పు లేనంతవరకు వాటిని తగ్గించకూడదన్నమాట. అంచనాలు వెయ్యాలన్నారు. 2017లో మన రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఏపీఈఆర్‌సీ) నియమం తెచ్చింది, అంచనా 15 శాతం దాటి తప్పితే జరిమానా అంది. ఇవన్నీ అవసరమైనవే. కానీ గమనించండి, ఈ నియమాలన్నీ గాలిమర ఎన్ని యూనిట్లు ఇస్తుందో అడుగుతాయి. మట్టం పడితే ఏం చేస్తుందని ఒక్కటీ అడగదు. షెడ్యూలు వేసేవాడు మొత్తం వాడకంలోంచి గాలి అంచనాని తీసేసి, మిగిలినదాన్ని బొగ్గు, నీరు, అణు కేంద్రాలకి పంచుతాడు. మట్టం కాయడం ఆ యంత్రాలు తిరుగుతున్నందువల్ల ఊరికే దొరికే ఫలంగా మిగిలిపోయింది.

అది ఊరికే దొరకడం ఎలాగో కొంచెం దగ్గరగా చూడాలి. ఇబ్రహీంపట్నంలో 1979లో మొదలైన తొలి యూనిట్ 210 మెగావాట్లది. దాని ఇరుసు నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. వందల టన్నుల ఉక్కు ఆ వేగంతో తిరుగుతుంటే అందులో నిలవున్న శక్తి, ఆ యంత్రం నిండు బలంతో కొన్ని సెకన్లు ఇవ్వగలిగే కరెంటుకి సమానం. దేశంలో ఎక్కడో ఒక పెద్ద యూనిట్ ఆగిపోయినప్పుడు, ఎవరూ ఏ మీటా నొక్కకముందే, తిరిగే ఉక్కంతా తన వేగంలోంచి పిసరంత ఇచ్చి మట్టం కుప్పకూలకుండా ఆపుతుంది. దాన్నే జడత్వం అంటారు. ఆ వ్యవధిలో యంత్రాల వేగాన్ని కాసే గవర్నర్లు ఆవిరి గేట్లు, నీటి గేట్లు తెరుస్తాయి. కాలువ భాషలో చెబితే, జడత్వం కాలువ వెడల్పు. వెడల్పాటి కాలువలో ఒక గండి పడినా మట్టం మెల్లగా దిగుతుంది, లస్కరు పరుగెత్తి వచ్చే టైము ఉంటుంది. బోదెలో గండి పడితే అతను గట్టెక్కేలోపే అడుగు కనిపిస్తుంది.

ఇప్పుడు ఆగస్టు నెలలో ఒక రాత్రిని తీసుకోండి. ఏడాది గాలి కరెంటులో పెద్ద వాటా జూన్‌కీ సెప్టెంబరుకీ మధ్యే వస్తుంది. డెల్టాలో అప్పుడు ముసురు. ఊడ్పులు జరుగుతుంటాయి, వాతావరణం చల్లబడి ఏసీలు ఆగిపోతాయి, వాడకం తగ్గుతుంది. సీమ గుట్టల మీద మాత్రం గాలి హోరెత్తిపోతుంటుంది. బొగ్గు యూనిట్లని 55 శాతం దాకా దించుతారు. ఇంకా దించాలంటే కొన్నిటిని ఆపాలి. ఆపితే వాటి ఉక్కు కూడా ఆగుతుంది, అంటే కాలువ సన్నబడుతుంది. తెల్లారి మళ్లీ అవసరమైతే వెలిగించడానికి గంటలు పడుతుంది. ఆపకుండా ఉంచితే గాలికి చోటు చాలదు, గాలిమరలకే ఉత్పత్తి తగ్గించమని బ్యాక్‌డౌన్ చెప్పాలి. మొదటి షెడ్యూలు ఈ రాత్రి చిక్కుపడిపోతుంది. కరెంటు కోసం అక్కర్లేని బొగ్గు యూనిట్‌ని కేవలం మట్టం కోసం తిప్పుతూ, కరెంటు ఇవ్వగల గాలిమరని ఆపుతుంది. మట్టానికి ఖాతా లేదు కాబట్టి ఆ ఖర్చు యూనిట్ ధరలో కలిసిపోయి ఎవరి కంటా పడదు.

రెండో షెడ్యూలు సరిగ్గా ఇక్కడ మొదలవుతుంది. ఇప్పటి గాలిమరలు చాలావరకు ఎలక్ట్రానిక్ కన్వర్టర్ల ద్వారా గ్రిడ్‌కి కలుస్తాయి. వాటి రెక్కల వేగానికీ గ్రిడ్ లయకీ నేరుగా ముడి లేదు. కాబట్టి ఫ్రీక్వెన్సీ పడినా అవి తమ దారిన తిరుగుతూనే ఉంటాయి. కానీ కంట్రోలర్‌కి చెబితే ఆ ముడిని వేరే రూపంలో వెయ్యవచ్చు. రెండు తీర్లున్నాయి. ఒకటి, ఫ్రీక్వెన్సీ పడిన క్షణంలో రెక్కల వేగంలోంచి కాస్త శక్తి లాగి గ్రిడ్‌కి ఇవ్వడం. దీన్ని కృత్రిమ జడత్వం అంటున్నారు. రెండోది, గాలి ఇవ్వగలిగినదాంట్లో కొంత వదిలేసి తక్కువలో నడుపుతూ, అవసరమైనప్పుడు ఆ మిగులుని విడుదల చెయ్యడం. షెడ్యూలు వేసే గణితంలో ఇవి కూడా నిర్ణయించాల్సిన అంశాలవుతాయి. ఏ బొగ్గు యూనిట్ నడపాలి అన్నదాంతో పాటు, ఏ గాలిమరల క్షేత్రం ఎంత వెనక్కి పట్టి ఉంచాలి అన్నది కూడా ఒకేసారి తేల్చాలి. ఒక పెద్ద యూనిట్ పోతే ఫ్రీక్వెన్సీ ఎంత వేగంగా దిగుతుంది, ఎంత లోతుకి దిగుతుంది, చివరికి ఎక్కడ నిలబడుతుంది అనే మూడు హద్దులకీ లోబడి తేల్చాలి.

ఈ రెండు తీర్లనీ ఒకే గాటన కట్టడం నేను చూసిన చాలా చర్చల్లోని పొరపాటు. లెక్క వేసి చూస్తే వాటి ధరలకి పొంతనే లేదు. 100 మెగావాట్ల క్షేత్రం పది సెకన్లపాటు 10 మెగావాట్లు అదనంగా ఇస్తే అది మొత్తం 28 యూనిట్లు. ఒక చిన్న ఇంట్లో నాలుగైదు రోజుల వాడకం, అంతే. అదే క్షేత్రాన్ని మంచి గాలిలో 10 శాతం తగ్గించి ఒక గంట ఉంచితే పోయేది 10,000 యూనిట్లు. యూనిట్‌కి 4 రూపాయల 84 పైసల ఒప్పందం ఉన్నవాడికి గంటకి 48,400 రూపాయలు. ముందు వరస మరలని తగ్గిస్తే వెనక వరసకి కొంత గాలి కలిసొస్తుంది కాబట్టి అసలు నష్టం ఇంతకంటే కాస్త తక్కువే ఉండవచ్చు. అయినా ఆ రెండు అంకెల మధ్య దూరం అలాగే ఉంటుంది. అందుకే ఏడాది పొడుగునా గాలిమరలని పదోవంతు దించి ఉంచాలనే ప్రతిపాదనతో నేను ఏకీభవించను. అది ప్రతి బోదెకీ ఎప్పుడూ సగం తలుపు వేసి ఉంచడమే. కానీ ఇందాకటి ఆగస్టు రాత్రి సంగతి వేరు. ఆ రాత్రి ఎలాగూ గాలిమరలకి బ్యాక్‌డౌన్ చెబుతున్నారు. ఆ తగ్గించిన గాలి, లెక్కలో రాసుకుంటే, చేతిలో ఉన్న రిజర్వు. ఆ గంటలో అది పైసా ఖర్చు లేని రిజర్వు. మొదటి షెడ్యూలు దాన్ని నష్టం కింద రాస్తుంది, రెండోది నిలవ కింద రాస్తుంది. మొత్తం తేడాలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఈ ఒక్క గంట తేడానే.

రెండో షెడ్యూల్లో లోపాలు లేవా అంటే, ఉన్నాయి, గట్టివే ఉన్నాయి.

గాలిని అంచనా వెయ్యడం దగ్గరే మొదటిది. 10 మెగావాట్లు చేతిలో ఉంచానని షెడ్యూలు చెబుతుంది. గాలే తగ్గితే ఆ పది ఎక్కడిది? బొగ్గు యూనిట్‌లో మిగులు అంటే కుప్పలో బొగ్గు ఉన్నట్టు. గాలిమరలో మిగులు అంటే ఎగువ కాలువ వస్తుందన్న నమ్మకం. లస్కరు ఎప్పుడూ నిన్నటి సగటు మట్టం మీద ఇవాళ్టి వంతు చెప్పడు, దిగితే ఎక్కడిదాకా దిగుతుందో చూసి చెబుతాడు. గాలి రిజర్వునీ అంచనా నడిమధ్య అంకె మీద కాక కింది అంచు మీద రాయాలి. కాగితం మీద ఒక క్షేత్రాన్ని ఒకే మరగా లెక్కించడం ఇంకో లోపం. గుట్ట అంచున ఉన్న మరకి తగిలే గాలి, వెనక లోయ వైపు మరకి తగలదు. ముందు మర పిండుకుని వదిలిన అలసిన గాలి వెనకదానికి చేరుతుంది. ఎగువ రైతు, శివారు రైతు గుట్ట మీద కూడా ఉన్నారు. వెనక వరసల్లో రెక్కలు ముందే నెమ్మదిగా తిరుగుతుంటే వాటి వేగంలోంచి ఇంకా లాగడం వాటిని ఆపెయ్యడమే అవుతుంది.

అన్నిటికంటే చిక్కుది మూడోది. కృత్రిమ జడత్వం అప్పు. పది సెకన్లలో రెక్కల వేగంలోంచి తీసిన శక్తిని తిరిగి పుంజుకోవాలంటే మర ఆ తర్వాత కాసేపు మామూలు కంటే తక్కువ ఇస్తుంది. వంద క్షేత్రాలు ఒకే క్షణంలో సాయం చేసి ఒకే క్షణంలో తిరిగి లాగడం మొదలుపెడితే, మొదటి పల్లం దాటిందనుకునేసరికి రెండో పల్లం వస్తుంది. బొగ్గు యంత్రం తన జడత్వం ఇచ్చాక ఇలా వెంటనే అప్పు తీర్చమని అడగదు. దాని వెనక గవర్నరు ఆవిరి గేటు తెరుస్తుంటుంది. ఈ విషయాన్ని దాటవేసి గాలిమర కూడా బొగ్గు యంత్రంలాంటిదే అని చెప్పేవాళ్లు రెండో షెడ్యూలుకి మేలు చెయ్యడం లేదు. ఈ అప్పు సంగతికి మళ్లీ వస్తాను.

చట్టం ఎక్కడుందో చూద్దాం. 2019లో వచ్చిన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ సవరణ ప్రకారం, 33 కేవీ ఆపైన కలిసే 10 మెగావాట్లు దాటిన కొత్త గాలి, సౌర కేంద్రాలకి ఫ్రీక్వెన్సీని బట్టి స్పందించే కంట్రోలర్లు ఉండాలి. ఫ్రీక్వెన్సీ 0.3 హెర్ట్జ్‌కి మించి తప్పితే ఒక సెకనులోపు సామర్థ్యంలో కనీసం 10 శాతం మేర స్పందించగలగాలి. మంచి నియమం. కానీ ఆంధ్రలో గాలిమరలు ఎప్పుడు లేచాయి? దాదాపు 4,000 మెగావాట్లూ 2018 నాటికే నిలబడి ఉన్నాయి. నియమం వచ్చేసరికి మన గుట్టలు నిండిపోయాయి. పైగా నియమం సామర్థ్యాన్ని అడిగింది, వంతుని రాయలేదు. తూముకి తలుపు పెట్టించడం వేరు, తలుపు ఎప్పుడు ఎంత ఎత్తాలో చెప్పే మనిషిని పెట్టడం వేరు.

ఆ రెండోదానికి డబ్బు కావాలి, ఒప్పందంలో చోటు కావాలి. మన గాలి ఒప్పందాలు యూనిట్‌కి ఇంత అని మాత్రమే రాసుకున్నవి. అలాంటి ఒప్పందం కింద ఒక మరని తగ్గించి నడపమంటే యజమానికి అది కోతే, మరో పేరు పెట్టినా కోతే. 2019 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం పాత ఒప్పందాల ధరలు తిరగదోడాలని ఉన్నతస్థాయి కమిటీ వేసింది. గాలి కరెంటుని గ్రిడ్ భద్రత పేరుతో తగ్గించారా, ధర పేరుతో తగ్గించారా అన్నది కూడా కోర్టు మెట్లెక్కింది. 2022 మార్చిలో ఒప్పందాల్లో ఉన్న ధరలే కట్టాలని హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ వివాదంలో ఎవరు ఒప్పు అన్నది ఇక్కడ నా విషయం కాదు. నాకు కనిపించేది ఏమిటంటే, ఆ మూడేళ్లూ రెండు పక్షాలూ వాదించుకున్నది యూనిట్ల గురించే. తగ్గించిన యూనిట్‌కి మట్టం కాసే విలువ కూడా ఉండవచ్చన్న మాట ఒప్పందంలో ఎక్కడా లేకపోతే, వాదించడానికి ఇంకేం మిగులుతుంది?

ఐర్లండ్ ఈ ముడిని విప్పిన తీరు మనకి పనికొస్తుంది. చుట్టూ సముద్రం, పెద్ద పొరుగు గ్రిడ్ ఆసరా తక్కువ, గాలి మాత్రం దండిగా ఉన్న దేశం. 2011లో మొదలుపెట్టిన కార్యక్రమం కింద అక్కడి గ్రిడ్ సంస్థ జడత్వానికీ, సెకన్లలో వచ్చే స్పందనకీ యూనిట్లతో పనిలేని విడి ధరలు కట్టే ఏర్పాటు తెచ్చింది. ఒక క్షణంలో మొత్తం కరెంటులో గాలి, సౌరంలాంటివి ఎంత శాతం దాకా ఉండవచ్చన్న హద్దుని మెల్లమెల్లగా పెంచుతూ 2022లో 75కి తెచ్చింది. కెనడాలో క్యూబెక్ గ్రిడ్ సంస్థ ఇంకో దారి పట్టింది. కృత్రిమ జడత్వం ఉంటేనే గాలిమరని కలుపుకుంటానంది, విడిగా ధర లేదు. ఈ రెండింట్లో క్యూబెక్ దారి చవక. అక్కడ నీటి విద్యుత్తు అపారం కాబట్టి నడుస్తుంది కూడా. మనకి ఐర్లండ్ దారే సరిపడుతుందని నా అభిప్రాయం. ఎందుకంటే మన నీరు అపారం కాదు, ఆ నీటికి ఇంకో పని ఉంది.

ఆ ఇంకో పని దగ్గరే డెల్టా ఈ చర్చలోకి హక్కుగా వస్తుంది. 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకి ప్రధాని పిలుపు మీద దేశమంతా తొమ్మిది నిమిషాలు దీపాలు ఆర్పినప్పుడు వాడకం దాదాపు 31,000 మెగావాట్లు పడిపోయింది. మళ్లీ అంత వేగంగానూ లేచింది. ఫ్రీక్వెన్సీ 49.70కీ 50.26కీ మధ్య ఊగి నిలబడింది. దాన్ని నిలబెట్టినవాటిలో ముందు వరస నీటి యంత్రాలది. దించడంలో సగానికి పైగా భారం, అంటే 17,000 మెగావాట్లకి పైన, అవే మోశాయి. గ్రిడ్ ఇంజనీర్లు ఆ రాత్రి చేసిన పనికి ఎంత మెచ్చుకున్నా తక్కువే. కానీ ప్రతి కష్టానికీ నీటి గేటునే తట్టే అలవాటు కృష్ణ మీద ఖరీదైనది. 2021 జూలైలో ఎగువ కేంద్రాల్లో విద్యుదుత్పత్తికి వదిలిన నీరు దిగువకి వచ్చి, అప్పటికి డెల్టా వాడుకోలేక, ప్రకాశం బ్యారేజీ గేట్ల మీదుగా సముద్రంలోకి పోయింది. ఆంధ్ర, తెలంగాణల తగాదా అది, దాని కారణాలు చాలా. మట్టం కాయడానికి నీటి యంత్రం నిజంగా ఖర్చుపెట్టే నీరు తక్కువే అన్నదీ వాస్తవం. అయినా నీటి యంత్రాన్ని ఎప్పుడు తిప్పాలన్నది ఊడ్పుల లెక్కతో కాక కరెంటు లెక్కతో తేలినప్పుడల్లా శివారు రైతు గుండె ఝల్లుమంటుంది. గాలిమర కొంత మట్టం కాస్తే శ్రీశైలం, సాగర్ గేట్ల మీద ఆ ఒత్తిడి అంతమేరకి తగ్గుతుంది. కె.ఎల్. రావుగారు తన ఆత్మకథకి ‘క్యూసెక్స్ క్యాండిడేట్’ అని పేరు పెట్టుకున్నారు. ఆయన ఈ మాట వింటే క్యూసెక్కుకీ మెగావాట్‌కీ ఉన్న ముడిని మనకంటే ముందే గుర్తించేవారు.

శివారు అంటే గ్రిడ్‌లో ఎవరు అన్న ప్రశ్నని రెండు షెడ్యూళ్లూ సరిగ్గా అడగలేదు. ఫ్రీక్వెన్సీ 49.4కి పడితే రిలేలు వాటంతటవే ఫీడర్లు కొయ్యడం మొదలుపెడతాయి. అప్పటికీ ఆగకపోతే 49.2 దగ్గర ఇంకొన్ని, అలా దశలవారీగా. ఏ ఫీడరు ఏ దశలో పోవాలన్నది ముందే రాసిపెట్టి ఉంటుంది. షెడ్యూలు లెక్కల్లో కోతకి గురైన మెగావాట్ అన్నిచోట్లా ఒకటే ధర. ఆ మెగావాట్ ఆగేది రాత్రి పది గంటలకి ఒక షాపింగ్ కాంప్లెక్సులోనా, తెల్లవారుజామున మూడింటికి రొయ్యల చెరువులోనా అన్నది గణితానికి తెలియదు.

ఆ మూడింటి వేళ ఎలా ఉంటుందో ఒకసారి చూశాను. కృత్తివెన్ను దగ్గర మా పెదనాన్నగారి అబ్బాయికి రెండు చెరువులున్నాయి. రాత్రంతా నీటిలోని నాచు కూడా రొయ్యతో పాటు ఆక్సిజన్ తాగేస్తుంది కాబట్టి తెల్లవారేముందు ఆక్సిజన్ అట్టడుగుకి పడుతుంది. ఆ రాత్రి సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఏరియేటర్ల చప్పుడు ఆగగానే మంచం మీద నుంచి అతను లేచిన తీరు నేను మర్చిపోలేను. జనరేటర్ ఒక చెరువుకే సరిపోతుంది. రెండో చెరువు గట్టున టార్చి పట్టుకుని నీళ్లనే చూస్తూ నిలబడ్డాడు, రొయ్య పైకి తేలుతుందేమోనని. నలభై నిమిషాలకి కరెంటు వచ్చింది. స్టార్టర్ బాక్సు దగ్గరికి పరుగెత్తాడు గానీ అన్ని ఏరియేటర్లూ వెయ్యలేదు. ఒకటి వేశాడు. అది నీళ్లు చిమ్మడం స్థిరపడేదాకా ఆగాడు. తర్వాత రెండోది.

“అన్నీ ఒకేసారి వేసెయ్యొచ్చు కదరా, అసలే ఆలస్యమైంది,” అన్నాను.

“వెయ్యకూడదన్నయ్యా. మోటారు లేచేటప్పుడు చాలా ఎక్కువ లాగుద్ది. పక్క చెరువోళ్లు కూడా ఇప్పుడే వేస్తన్నారు. అందరం ఒక్కసారి వేశామంటే ట్రాన్స్‌ఫార్మర్ కొట్టేసుద్ది, మళ్లీ అందరికీ పోద్ది. మా గట్టోళ్లం అనుకున్నాం, ఈ మూల నుంచి ఆ మూలకి, ఒకళ్ల తర్వాత ఒకళ్లం.”

గాలిమరల అప్పు సంగతికి మళ్లీ వస్తానన్నది ఇందుకే. సాయం చేసిన వంద క్షేత్రాలూ వేగం తిరిగి పుంజుకునే వేళలు ఎడం ఎడంగా రాస్తే రెండో పల్లం రాదు. కొన్నిటికి ముందు, కొన్నిటికి అర నిమిషం ఆగి. వెనక వరస మరలని మొదటి సాయం నుంచే తప్పించి, వాటి మామూలు ఉత్పత్తిని ముందు వరస అప్పు తీర్చే వేళకి ఆసరాగా ఉంచాలి. పరిశోధనల్లో ఇది క్లిష్టమైన గణితం. కృత్తివెన్ను గట్టు మీద అయిదుగురు రైతులు ఫోన్లో మాట్లాడుకుని చేసుకున్న ఏర్పాటు.

మా తమ్ముడు ఆరో ఏరియేటర్ వేసేసరికి తూర్పున వెలుగు వస్తోంది. అవతలి గట్టు మీద ఇంకా చీకటే. అక్కడి రైతు టార్చి ఒకసారి వెలిగించి ఆర్పాడు. మావాడూ తన టార్చి వెలిగించి ఆర్పాడు. అప్పుడు అవతలి చెరువులో మొదటి చప్పుడు మొదలైంది.